మిర్చి మామకు ఆపిల్ మటన్

మిర్చి వ్యాపారి అల్లుడు కారం లేని కూర వండితే ఏమవుతుందో వరంగల్‌లో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. వినండి, నవ్వుకోండి. జాలి మాత్రం వద్దు.

పెళ్లైన కొత్తలో, మన కూరలు సముద్రం దాటిన కథ ఒకటి ఫోన్‌లో చదివాను. ఇక్కడ కొలువు చేసి ఇంగ్లండు తిరిగి వెళ్లిన దొరలు మన రుచి మరవలేక, మసాలాపొడికి ఆపిల్ ముక్కలు, కిస్‌మిస్, పిండి కలిపి 'కర్రీ' వండించుకున్నారట. చదివి ఊరుకోవచ్చు కదా! ఆ ఆదివారమే పాలకుర్తి నుంచి మామగారు మట్టెవాడలోని మా ఇంటికి తొలిసారి భోజనానికి వస్తున్నారు. "మటన్ నేనే వండుతా" అన్నాను.

"మా బాపు ముందట ఇజ్జత్ తీస్తవా?" అంది మా ఆవిడ లలిత.

"నేను వండేది కూర కాదు, చరిత్ర!"

"చరిత్రల ఉప్పు సరిపోయిందో లేదో జూడు."

మామగారు వస్తూనే నవ్వారు. "పుస్తకాలు జదివెటోనికి పొయ్యి అంటుకుంటదా అల్లుడా?"

నాకు రోషం పొడుచుకొచ్చింది. "మీరు రెండోసారి వేసుకోకపోతే గిన్నెడూ నేనే తింటా మామా!"

వడ్డించాను. కూర, నలుగు పెట్టాక స్నానం మరిచిన పెళ్లికొడుకులా పచ్చగా ఉంది. మామగారు ఒక ముద్ద నమిలారు. కిస్‌మిస్‌ను వేలితో పక్కకు జరిపారు.

"బిడ్డా, ఇంట్ల ఎవలికన్న జరమొచ్చిందా?"

"లేదు బాపు."

"మరి పత్తెం వండిండ్రేంది?"

"ఇది లండన్ కూర మామా! దొరలు లొట్టలేసుకుంటూ తిన్నారు."

"గిది తినలేకనే మన దేశం మీద పడ్డరు కావచ్చు!"

అని సంచిలోంచి సొంత కారప్పొడి తీసి, నూనె పోసుకుని అన్నం కలుపుకున్నారు.

ఓడితే ఓడాను, తల వంచుతానా? గిన్నె ముందుకు లాక్కున్నాను.

"చాలు, కడుపు ఖరాబైతది!" అంది లలిత.

"నువ్వుండు, అమృతంలా ఉంది!" కళ్లలో తిరిగిన నీళ్లను ఆనందబాష్పాలని బుకాయించాను. చివరి ఆపిల్ ముక్క దాకా తిన్నాను.

అదే నా కొంప ముంచింది. మామగారు ఆ మాట నమ్మి, ఊళ్లో ఉన్న అత్తగారికి అక్కడికక్కడే ఫోన్ చేశారు: "అల్లునికి ఆపిల్, కిస్‌మిస్ ఏసిన మటనంటే పానమట!"

నాటి నుంచి పాలకుర్తిలో ఏ పండగైనా అందరి విస్తళ్లలో నిప్పులాంటి ఎర్రటి మటన్, నా విస్తట్లో ఆపిల్, కిస్‌మిస్. "సిగ్గువడకు కొడుకా, నీకోసమే వేరే వండిన" అంటారు అత్తగారు, ఎంతో ప్రేమగా.

అందుకే పాలకుర్తి గుట్ట మీది దేవుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై చరిత్రను చదువుతానే గాని, పొయ్యి మీద పెట్టను. అయితే ఆ కూర బాగాలేదని ఒప్పుకుంటానా? ఛస్తే ఒప్పుకోను.

ఇంకో గంటె వెయ్యండి అత్తమ్మా!