ముక్కు ముట్టుకుంటే సి

నేను ముత్తుకూరు దగ్గర ఒక బడిలో ఐదో తరగతి టీచర్ని. నిరుడు రాష్ట్రమంతటా ఒకే ప్రశ్నపత్రంతో పరీక్ష అన్నారు. బయటి నుంచి పరిశీలకుడు వస్తారని తెలిసినప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. మండలంలో మా బడే ఆఖరున ఉంటుందేమోనన్న భయంతో పిల్లలకు సైగలు నేర్పాను. తల ముట్టుకుంటే జవాబు ఎ, చెవి బి, ముక్కు సి, గడ్డం డి.

పరీక్ష రోజు బొగ్గు లారీల దుమ్ములో బడికి వచ్చాను. పరిశీలకుడి ఎదుట ఒక్క సైగ చేయడానికీ ధైర్యం చాలలేదు. ముక్కు మాత్రం ఆగకుండా కారుతుంటే తుడుచుకుంటూనే ఉన్నాను. చివర్లో జవాబు పత్రాలు తీసుకుని చూశాను. పైనుంచి కిందిదాకా అందరివీ సి గుండ్రాలే!

పరిశీలకుడు వాటిని తిరగేసి, నా చేతిరుమాలు చూసి, "జలుబు చేసిందా మేడం?" అన్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఒక్క షాహీనా పత్రంలోనే నాలుగు రకాల జవాబులూ ఉన్నాయి. చదువు రాదని నేనే వెనక కూర్చోబెట్టిన పిల్ల.

"నన్ను చూడలేదా నువ్వు?" అని బయట అడిగాను.

"నాకొచ్చు గదా మేడం, చూసేదెందుకు?" అంది.

అప్పటి నుంచి పిల్లలకు ఏం వచ్చో ముందు అడుగుతున్నాను. పరీక్ష రోజు ముక్కు కారితే మాత్రం వరండాలోకి పోతాను.