ఎదురు ఫ్లాట్ ఆంటీ చెవి మిషన్

ఎదురు ఫ్లాట్ ఆంటీకి చెవుడు. మిషన్ పెట్టుకుంటే బాగానే వినిపించేది. కానీ అంకుల్ గిటార్ అందుకోగానే ఆవిడ మిషన్ తీసి నైటీ జేబులో వేసుకునేది. ఆయన పాడేవన్నీ పాత రాక్ అండ్ రోల్ ఏడుపులే. నాకెవరూ లేరంటూ, మధ్యమధ్యలో గొంతులోకి వెక్కిళ్ళు తెచ్చుకుని మరీ పాడేవాడు.

"నలభై ఏళ్ళుగా నేను వండిందే తింటూ, ఎవరూ లేరంటాడు! మన బుకిట్ పంజాంగ్ పేట మొత్తానికి ఈయనొక్కడే అనాథ," అనేది ఆంటీ నాతో, ఆయనకి వినపడేలా. నేను పగలబడి నవ్వేదాన్ని.

ఆస్పత్రిలో ఆవిడ ఆఖరి రోజున నేనూ పక్కనే ఉన్నాను. అంకుల్ ఆవిడ చెయ్యి పట్టుకుని, ఈసారి నిజంగానే వెక్కుతూ, "నువ్వు పోతే నాకింకెవరున్నారే?" అన్నాడు.

ఆంటీ ఆయన్ని కాసేపు చూసింది. చెయ్యి విడిపించుకుని, చెవిలోంచి మిషన్ తీసి ఆయన అరచేతిలో పెట్టింది.