ఏడో సొరుగులో వెల్లుల్లి వాసన

అడవిలో పుట్టగొడుగు తలెత్తాలంటే ముందు తాతయ్య దగ్గరికొచ్చి పేరు పెట్టించుకుని వెళ్ళాల్సిందే. పెట్టిన పేరు నచ్చక కొన్ని అలిగి నేలలోకే తిరిగిపోయాయని కూడా వినికిడి. ఆ వినికిడి పుట్టించింది ఎవరో కాదు, ఈ నాలుగు ముక్కలు గీకుతున్న మనవరాలే. పదో తరగతి రెండుసార్లు తప్పిన పిల్ల రాత ఇంతకన్నా బాగా మొదలవదు.

అసలు సంగతేమిటంటే, తాతయ్య ముప్పై నాలుగేళ్ళు అటవీ కార్యాలయంలో నమూనాల గది చూసుకున్నాడు. ఎండిన పుట్టగొడుగుల్ని అట్టపెట్టెల్లో సర్ది, చీటీ అంటించి, సొరుగుల్లో పెట్టడం ఆయన పని. మెడలో నల్లతాడుకు ఎప్పుడూ భూతద్దం వేలాడేది. అందరూ ఆయన్ని 'భూతద్దం' అనే పిలిచేవాళ్ళు. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

నానమ్మ అక్కడే క్యాంటీన్‌లో వంటమనిషి. పొద్దున్నే బుట్టెడు వెల్లుల్లి ఒలిస్తేగానీ ఆమెకు తెల్లవారినట్టు కాదు. సెలవురోజున ఇద్దరూ కలిసి అడవికి పోయేవాళ్ళు. ఆయన చూసేవాడు, ఆమె వాసన పట్టేది. తాతయ్య ముక్కు సంగతి తలుచుకోకపోవడమే మేలు. ఇరవయ్యో ఏట నుంచి ముక్కుపొడుం దట్టించి దట్టించి దాన్ని చంపేశాడు. కళ్ళద్దాలు నిలబెట్టుకోవడానికి తప్ప అది ఎందుకూ కొరగాదని నానమ్మ అనేది.

ఇద్దరికీ పేచీ వచ్చింది ఒక బుల్లి గొడుగు దగ్గర. చిటికెనవేలి గోరంత టోపీ, వెంట్రుకంత సన్నని నల్లకాడ. వాన వెలిసిన మర్నాడు, సూదుల్లాంటి ఆకులు రాలిన చోట వందలుగా లేస్తుంది. కూరకు పనికిరాదు, ఒకరిని చంపేంత సత్తా కూడా లేదు. ఎండితే ముడుచుకుపోతుంది, నీళ్ళు చిలకరిస్తే మళ్ళీ విచ్చుకుంటుంది. దాన్ని పోలినవి రెండున్నాయి. ఒకటి తడిపితే జావైపోతుంది. దానితో తగువు లేదు. తగువల్లా రెండోదానితోనే. అదీ తడిపితే లేస్తుంది, చూడటానికీ అలాగే ఉంటుంది. కాకపోతే కాడ కాస్త ఎర్రబారి ఉంటుంది, నలిపితే వెల్లుల్లి వాసన వేస్తుంది. వాసన మాట నానమ్మది. తాతయ్య మాత్రం భూతద్దంలోంచి చూసి రెండూ ఒకటేననీ, ఆ ఎరుపు వయసు తేడా అనీ తేల్చేశాడు.

"ఇది వేరేనండీ. నలిపి చూడండి, వెల్లుల్లే."

"అది నీ చేతుల వాసన. కడుక్కుని వచ్చి చెప్పు."

ఆమె కడుక్కుని వచ్చి అదే చెప్పేది. ఆయన మళ్ళీ పంపేవాడు. ఒక ఏడాది ఆమె పెట్టెడు ఏరుకొచ్చి, క్యాంటీన్ చీటీ వెనకాల 'ఇది వేరే. వెల్లుల్లి' అని రాసి బల్ల మీద పెట్టింది. తాతయ్య నవ్వి, దాని కింద 'వంటింటి వాసన' అని రాశాడు. ఆమె గొడుగుల్ని చీటీతో సహా ఏడో సొరుగులోని తన నల్లకాడవాటి పెట్టెలోనే కలిపి కుమ్మరించాడు.

ఆ మాట ఇంట్లో ఊతపదమైపోయింది. వాన వచ్చేలా ఉందన్నా, పిల్లాడికి ఒళ్ళు వెచ్చగా ఉందన్నా, తాతయ్య జవాబు ఒకటే, చేతులు కడుక్కుని వచ్చి చెప్పు. పోయినేడు ఒక మధ్యాహ్నం నానమ్మ, పక్కటెముకల కింద ఏదో పొడుస్తోందంది. తాతయ్య పేపర్లోంచి తల ఎత్తకుండానే ఆ మాటే అన్నాడు. ఆమె నవ్వుకుంటూ కుళాయి దగ్గరికి వెళ్ళింది. మళ్ళీ వచ్చి చెప్పలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి మూడు నెలలు దాటింది. ఆమె పోయి ఇప్పటికి నాలుగు నెలలు.

మొన్న సోమవారం కార్యాలయం నుంచి కబురొచ్చింది. నమూనాల గదిని వేరే భవనానికి మారుస్తున్నారట. ఒక్కో రకానికి ఒక్కో పెట్టె, ఒక్కో చీటీ ఉండాలి. అనుమానం ఉన్నవి శుక్రవారంలోగా తేల్చి వెళ్ళమని అధికారిణి అడిగింది. తాతయ్య మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్ళి, తిన్నగా ఏడో సొరుగు లాగాడు. పెట్టె మూత తీయగానే ఆ చీటీ. కింద తన రాత.

ఆమెవి విడిగా తీయాలని పట్టుబట్టాడు. పెట్టెలోవన్నీ కలిపి లెక్కపెడితే అరవై ఒకటి. సాసర్లలో నీళ్ళు పోసి వేస్తే అన్నీ ఒళ్ళు విరుచుకుని లేచాయి. కాడలు చూస్తే ఏళ్ళ తరబడి మగ్గి అన్నిటిదీ ఒకే రంగు. మిగిలింది వాసన. మనవరాలు అరవై ఒక్కటీ నలిపి చూసింది. దుమ్ము, అట్ట, జిగురు. మళ్ళీ చూడమన్నాడు. మళ్ళీ అంతే. మూడోసారి ఒకదాన్ని పట్టుకుని, ఇదేనేమో తాతయ్యా అంది.

"అబద్ధాలాడకే. నీ మొహం చూడటానికి భూతద్దం అక్కర్లేదు."

బుధవారం వాన పడింది. గురువారం పొద్దున్నే ఇద్దరూ కార్యాలయం వెనక చెట్ల కిందికి వెళ్ళారు. తాతయ్య మోకాళ్ళు పటపటలాడుతుండగా కూలబడి, ఎర్రకాడది ఒకటి చూపించాడు. మనవరాలు గిల్లి నలిపింది.

"వెల్లుల్లే తాతయ్యా."

"చేతులు కడుక్కుని..." అని తాతయ్య ఆగిపోయాడు.

అయినా మనవరాలు వెళ్ళి సబ్బుతో కడుక్కుని వచ్చి ఇంకొకటి నలిపింది. ఆ రోజు ఆమె వెల్లుల్లి ముట్టనేలేదు. అదే వాసన. తాతయ్య ఆ వేళ్ళను పట్టుకుని తన ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. తల అడ్డంగా ఊపి వదిలేశాడు.

శుక్రవారం రెండు పెట్టెలు అప్పజెప్పాడు. చెట్ల కింద కొత్తగా ఏరిన ఎర్రకాడవాటి పెట్టెకు నానమ్మ చీటీ అంటించాడు. కింద ఉన్న వెటకారం కొట్టేద్దామా అని అధికారిణి అడిగితే, ఉండనివ్వండి, ఎవడన్నాడో కూడా తెలియాలి అన్నాడు. పాత పెట్టె మీద కొత్త చీటీ రాశాడు: 'రెండు రకాలు. కలిపింది నేనే. విడదీయలేను.'

ఇదంతా రాసి, తాతయ్యను కాస్త నవ్విద్దామని మనవరాలు మొదటి రెండు వాక్యాలు చదివి వినిపించింది. ఆయన నవ్వలేదు.

"ఆ మొదటి ముక్క కొట్టెయ్. నాకు ముక్కు లేదు, ఆవిడకుంది. చేతులు కడుక్కోమన్నాను. అది రాయి."