ఒక డిస్కు, మూడు షిఫ్టులు

డీవీడీలు అద్దెకిచ్చే షాపులు ఇంకా నడుస్తున్న రోజుల్లో, విశాఖలోని ఒక ఉక్కు ఫ్యాక్టరీలో నన్ను కోక్ అవెన్లకు షిఫ్టు ఇన్‌చార్జిగా వేశారు. బొగ్గును గాలి తగలకుండా గంటల తరబడి వేడిచేసి కోక్ తయారుచేసే గదులవి. తయారైన కోక్‌ని యంత్రంతో బయటికి తోయడాన్ని పుషింగ్ అంటాం. ఏ అవెన్ని ఎప్పుడు తోయాలో వరసగా రాసిన షెడ్యూలే మాకు పంచాంగం.

ఆ ఏడాదే కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఒక షాపువాడు నెలవారీ కార్డు పెట్టాడు. ఒకసారికి ఒకే డిస్కు, కానీ నెలలో ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. మూడు షిఫ్టుల ఇన్‌చార్జిలం కలిసి ఒక్క కార్డు తీసుకున్నాం. షిఫ్టు మారినప్పుడల్లా చార్జితో పాటు డిస్కూ చేతులు మారేది. దానికి వీక్లీ ఆఫ్ కూడా లేదు. మమ్మల్ని చూస్తే షాపువాడి మొహం మాడిపోయేది. మాకు మాత్రం పట్టలేని సంబరం!

చిక్కల్లా ఎలమంచిలి అప్పలరాజుతో. ఉదయం షిఫ్టు అతనిది, మధ్యాహ్నం రెండింటికి అతని దగ్గర చార్జి తీసుకునేది నేను. చార్జి ఇచ్చేటప్పుడు ఏదీ దాచకూడదని మాకు మొదటి రోజే నేర్పుతారు. అప్పలరాజు ఆ నియమాన్ని డిస్కుకీ వర్తింపజేశాడు. అవెన్ల సంగతి ఎంత శ్రద్ధగా చెప్పేవాడో, సినిమాలో హంతకుడెవరో కూడా అంతే శ్రద్ధగా చెప్పేవాడు. నాకేమో హత్యల సినిమాలంటే ప్రాణం. నెలంతా ఒక్కటీ ముగింపు తెలియకుండా చూసే యోగం పట్టలేదు. నెలాఖరు డిస్కు వచ్చినప్పుడు దండం పెట్టేశాను. "దీని గురించి ఒక్క ముక్క చెప్పకు బావా."

మర్నాడు రెండింటికి అతను డిస్కు నా చేతిలో పెట్టాడు. లాగ్‌బుక్‌లో 'నార్మల్' అని గీకి, "నానేటీ సెప్పను బావ" అంటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పారిపోయాడు. నేను ఆనందంతో గంతేసినంత పని చేశాను. కూర్చున్నాక గడియారం చూశాను. రోజూ పావుగంట పట్టే చార్జి రెండు నిమిషాల్లో అయిపోయింది. ఏదో చెప్పకుండా వదిలేశాడు. పుషింగ్ ఆపమని మైకులో చెప్పి, అతన్ని పట్టుకోవడానికి సైకిల్ స్టాండు దాకా పరుగెత్తాను.

"ఏం మర్చిపోయావు బావా?" అన్నాను రొప్పుతూ.

"ఏటో ఉంది బావ, గుర్తు రాట్లేదు. సినిమా సెప్పకుండా ఆపుకోడంలో అన్నీ కలిసిపోనాయి."

నెల్లాళ్ల ఆశ. చేతిలో డిస్కు వంక ఒకసారి చూసుకున్నాను. "అయితే సినిమాతోనే మొదలెట్టు."

"డాక్టరమ్మే సంపీసింది బావ! ఇరవై మూడో నంబరులో బొగ్గు లేటుగా ఏసినాం, సాయంత్రం దాకా తొయ్యకండి!" అన్నాడు ఒకే ఊపిరిలో.

షెడ్యూల్లో తర్వాతి నంబరు ఇరవై మూడే. సగం తయారైన కోక్‌ని తోస్తే మధ్యలో ఇరుక్కుంటుంది, దాన్ని తవ్వి తీయడానికి మనుషులు ఆ మంట ముందు నిలబడాలి. ఇద్దరం స్టాండులోనే పడీపడీ నవ్వాం.

చార్జి ఇచ్చే మనిషికి ఇది చెప్పు, అది చెప్పకు అని షరతు పెట్టకూడదు. ఒకటి దాచమంటే దాని చాటున ఇంకొకటి దాగుతుంది. ఆ తర్వాత కార్డు ఉన్నన్నాళ్లూ ప్రతి మధ్యాహ్నం నేనే ముందు అడిగేవాణ్ణి, ఎవరు చంపారని.