కర్నూలు జిల్లా అన్నందుకు సున్నా

మే నెల మొదటి సోమవారం, ఉదయం ఏడింటికి తర్లుపాడులో రిపోర్టు చేశాను. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. పద్దెనిమిదేళ్లు సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుగా చేసి ఇంటికొచ్చిన నాకు ఇది కొత్త పోస్టింగు. మతిమరుపు పరీక్షల క్యాంపు, రెండు నెలలు. సామాను: వ్యాను, ఐస్ పెట్టె, సూదులు, రక్తం తిప్పే యంత్రం. ఆర్డరు ఒకటే. తీసిన రక్తం రెండు గంటల్లో యంత్రంలో పడాలి.

మూడో రోజు ఎస్తేరమ్మను కొడుకు తీసుకొచ్చాడు. డెబ్భై అయిదేళ్ల మనిషి, మేకలు కాస్తుంది. చెప్పిందే చెబుతోందట. ఒకసారి దారి తప్పిందట.

“మతి పోయినట్టుంది సార్. శుక్రవారం మేకలు అమ్మేసి ఇంట్లో కూసోబెడతా,” అన్నాడు. చెడ్డవాడు కాదు. భయపడ్డాడు.

ఆమె నేల చూపులు చూస్తోంది.

డాక్టరమ్మ హైదరాబాదు మనిషి. కాగితం చూసి ప్రశ్నలడిగింది. “మనది ఏ జిల్లా అవ్వా?”

“కర్నూలు జిల్లా.”

సున్నా వేసింది. నాకు ఒళ్లు మండింది.

“మేడం, పందొమ్మిది వందల డెబ్భై దాకా మాది ఆ జిల్లానే, తర్వాతే వేరే జిల్లాలో కలిపారు. మా అమ్మ పోయేదాకా అదే చెప్పింది. ఆమెకు మతీ పోలేదు, మొండితనమూ పోలేదు.”

డాక్టరమ్మ నవ్వి సున్నా కొట్టేసింది. “మిగతావి కూడా కొన్ని తప్పాయి. రక్తం చూద్దాం. అల్జీమర్స్ గుర్తులతోపాటు విటమిన్లు, థైరాయిడ్ కూడా.”

పదకొండు పదికి రక్తం తీశాను. వెంటనే కరెంటు పోయి యంత్రం ఆగింది. వ్యాను త్రిపురాంతకం వెళ్లింది. కరెంటు కోసం చాలాసేపు చూసి, ఐస్ పెట్టె ఒళ్లో పెట్టుకుని మార్కాపురం ల్యాబుకు ఆటో ఎక్కాను. దారిలో రాతి పలకల లారీ అడ్డంగా ఆగిపోయింది.

మార్కాపురం ల్యాబ్ టెక్నీషియన్ ఫోను. “యాడున్నావన్నా?”

“లారీ ఎనకాల.”

“టైము?”

“అరగంట ఉంది.”

“సాలు, రా.”

పన్నెండు యాభై అయిదుకు పెట్టె అప్పగించాను.

సాయంత్రం కొడుకుతో, “రిపోర్టు వచ్చేదాకా ఒక్క మేక కదలగూడదు,” అన్నాను. ఆ అధికారం నాకెవరూ ఇవ్వలేదు. అయినా ఆగాడు.

పదో రోజు రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ రెండుసార్లు చదివింది.

“అల్జీమర్స్ గుర్తులు లేవు. బీ పన్నెండు విటమిన్ అడుగంటింది. సూదులతో బాగుపడొచ్చు.”

సర్వీసంతా కలిపినా అంత మంచి కబురు వినలేదు. కొడుకు గోడకు ఆనుకుని ఏడ్చేశాడు.

సూదులు నేనే వేశాను. ఏడో వారం ఎస్తేరమ్మ నన్ను కడిగేసింది.

“ఏంది నాయనా, పోయిన బేస్తవారం కుడిచెయ్యికే పొడిస్తివి, మళ్లా అదే చెయ్యా?”

పోయిన గురువారం ఆమెకు గుర్తుంది. ఇంకో నాలుగు తిట్టినా బాగుండు అనిపించింది.

డ్యూటీ ముగిసి గిద్దలూరు బస్సెక్కాను. ఊరు దాటగానే బస్సు ఆగింది. రోడ్డు నడిమధ్య ఎస్తేరమ్మ, డ్రైవరుకు అరచెయ్యి చూపుతూ నిలబడింది. వెనక మేకలు తీరుబడిగా దాటుతున్నాయి. డ్రైవరు హారన్ మోగించాడు. చివరి పిల్ల దాటేదాకా ఆమె ఆ చెయ్యి దించలేదు.