మ్యాపుకెక్కిన కట్టమ్మ

ధర్మసాగర్ చెరువు కట్ట మీద బస్సు ఆగే మూలను అందరూ ‘కట్టమ్మ’ అంటారు. కండక్టర్లు కూడా “కట్టమ్మ, కట్టమ్మ, దిగేటోళ్లు ముందుకు రావాలె” అని కేక వేస్తారు. దిగిన కొత్తవాళ్లకు కనిపించేది నాలుగు గుంజల మీద ఒక రేకు, దాని కింద మట్టిపొయ్యి, పొయ్యి వెనక మిర్చిబజ్జీలు వేస్తూ యాభై ఐదేళ్ల మనిషి. ఆమే కట్టమ్మ.

ఆమె పొయ్యికి ఎదురుగా, మా ఇంటి వరండాలో నా కుట్టుమిషను ఉంటుంది. తొమ్మిదో తరగతిలో బడి మానినప్పటి నుంచి జాకెట్లు కుడుతున్నాను. తల వంచుకుని కుడుతుంటే నేనేమీ వినడం లేదని అందరూ అనుకుంటారు.

కట్టమ్మ బజ్జీ కంటే ఆమె నోరే కారం. ఒకసారి కారులో వచ్చిన ఒకాయన సాస్ అడిగాడు.

“సాస్ కావాల్నంటే హన్మకొండ పో బిడ్డా. ఈడ ఉల్లిగడ్డ, నిమ్మకాయ, నా నోరు. మూడే ఉన్నయ్.”

ఆయన మూడూ తిని, ఇంకో ప్లేటు చెప్పాడు.

పట్నం చుట్టూ వేసే రింగు రోడ్డు మా దగ్గరికి వచ్చేసరికి నీళ్ల అంచు పట్టుకుని పోతుందని పోయిన ఏడాది తెలిసింది. ఆ కబురు మోసుకొచ్చింది టెంట్ హౌస్ సదానందం. ఊళ్లో పెళ్లయినా, జాతరయినా, ఎవరైనా పోయినా ఆయన షామియానాలే వేస్తారు. అందుకని ఏ కబురైనా ముందు ఆయనకే తెలుస్తుంది.

“వైజాగ్ బీచ్ రోడ్డు లెక్కుంటదక్కా! ఒక దిక్కు నీళ్లు, ఒక దిక్కు లైట్లు. జనం కార్లేసుకొని గాలికి వస్తరు.”

“మంచిదే. మరి నేనేడుంటరా?”

సదానందం వేలితో గాల్లో రోడ్డు గీసి చూశాడు. ఆ వేలు సరిగ్గా పొయ్యి మీది నుంచే పోయింది. “నువ్వా అక్కా? నువ్వు... కిందికే వస్తవ్. రోడ్డు కిందికి.”

కట్టమ్మ జల్లిగరిటె ఎత్తింది. సదానందం బజ్జీ ప్లేటుతో సహా పారిపోయాడు.

కానీ ఆమెకు దిగులు పట్టింది. రోడ్డు ఆఫీసుకు పోతే, స్థలం కాగితం ఉందా అని అడిగారట. ఇరవై రెండేళ్లుగా అక్కడే ఉన్నానని చెప్పిందట. ఉండడం వేరు, కాగితం వేరు అన్నారట. వేరే చోటు చూసుకోవచ్చు కదా అని నాలాంటివాళ్లం అనుకోవచ్చు. అదీ ఆమె చూసింది. అప్పుడెప్పుడో కట్టకు మరమ్మతు జరిగినప్పుడు హన్మకొండలో ఒక సందులో మూడు వారాలు బండి పెట్టి తిరిగొచ్చింది.

“ఆడ బేరం రాలేదా పెద్దమ్మా?” అని అప్పుడు అడిగాను.

“బేరం వచ్చింది గని, తెల్వనోళ్లను ఏమని తిడ్తం పిల్లా? తిట్టకుంట ఏస్తె బజ్జీ సప్పగనే అయితాంది.”

రోడ్డు పోయే గీత మీద ఏమేమున్నాయో రాసుకోవడానికి ఒక శుక్రవారం సర్వే ఆయన వచ్చాడు. శుక్రవారం పొద్దున కట్టమ్మ పొయ్యిని అలికి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ఊదుబత్తి ముట్టిస్తుంది. ఆ రోజు అవన్నీ చేసి, సామాను మా వరండాలో పెట్టి, తొర్రూరులో బిడ్డ ఇంటికి పోయింది. పక్కన చేపల పోశయ్య తాత వల బాగుచేసుకుంటున్నాడు.

“ఇది ఎవరిది తాతా?” అని సర్వే ఆయన అడిగాడు.

“కట్టమ్మది సార్.”

“ఎప్పటి నుంచి ఉంది?”

“శానా ఏండ్ల సంది.”

“జనం బాగా వస్తారా?”

“రాకేం! ఐతారం అయితె నిలవడ జాగుండది.”

సర్వే ఆయన చెప్పులు విడిచి, పొయ్యికి దండం పెట్టి, పుస్తకంలో రాసుకుని వెళ్లిపోయాడు. నేను అంతా విన్నాను. లేచి చెప్పే ధైర్యం రాక, అదే కుట్టు మీద ఇంకో కుట్టు వేశాను.

నెలకు పంచాయతీ గోడకు మ్యాపు అంటించారు. నీళ్ల అంచున ఎర్ర గీత తిన్నగా వచ్చి, మా మూల దగ్గర కొంచెం వంగి, మళ్లీ తిన్నగా పోయింది. వంపు పక్కన ‘కట్టమ్మ గుడి’ అని అచ్చులో ఉంది. నేను చదివి చెబితే కట్టమ్మ ముందు నమ్మలేదు, తర్వాత నవ్వింది, తర్వాత చుట్టూ చూసి నవ్వు ఆపేసింది.

సదానందానికి మాత్రం నవ్వు రాలేదు. ఆయన కళ్లకు అప్పుడే బోనాలు, మైకుసెట్టు, వంద కుర్చీలు కనిపించాయి. రెండు రోజుల్లో తనిఖీ చేయడానికి ఇంజినీరు వస్తారని తెలిసి, ఒక నల్లరాయి తెచ్చి పొయ్యి పక్కన నిలబెట్టి పసుపు పూశాడు.

“అక్కా, నువ్వు పూజారమ్మవు. నోరు మూసుకొని గంట కొట్టు. మిగిలింది నేను చూసుకుంట.”

“నోరు మూసుకొనా?”

“ఒక్క గంటసేపే. నీ జాగ నీకుంటది.”

జాగ అనే మాటకు ఆమె సరే అంది. అబద్ధమని తెలుసు. ఆ రోజు ఎవరినీ తిట్టలేదు కూడా.

ఇంజినీరు పద్మలత మేడం జీపు దిగి, రాయిని చూసి, మ్యాపు చూసి, కట్టమ్మ వైపు తిరిగింది. చుట్టూ ఊరంతా ఉంది. కట్టమ్మ బుద్ధిగా గంట కొడుతోంది.

“అమ్మా, కట్టమ్మకు రోజూ ఏం పెడతారు?”

కట్టమ్మ గంట ఆపింది. “నాకెవలు వెడ్తరు మేడం? నేనే నలుగురికి వెడ్తాన.”

“మీరెవరు?”

“కట్టమ్మను.”

“పూనకం మేడం!” అని సదానందం అడ్డం దూకాడు. “అమ్మవారు పూనింది! దూరం జరుగుండ్రి, దూరం జరుగుండ్రి!”

పూలమ్మ వదిన నిజమే అనుకుని వేపమండ కోసం ఉరికింది. కట్టమ్మ గంట కింద పెట్టింది.

“ఏం పూనకంరా సదానందం? గంటసేపు నోరు మూసుకుంటె పానం పోతాంది నాకు. మేడం, ఇగో నా ఆధార్ కార్డు సూడు.” కొంగు ముడి విప్పి తీసిచ్చింది. “నేను మనిషిని. గుడి లేదు, గీ రాయి మొన్న తెచ్చిండు. నాది బజ్జీల కొట్టు.”

మేడం కార్డు చూసింది. పెదవులు బిగించుకుంది గాని నవ్వు ఆగలేదు. నవ్వయ్యాక ముఖం మారింది. గుడి లేకపోతే రోడ్డుకు వంపు ఉండదని, గీత తిన్నగా పొయ్యి మీది నుంచే పోతుందని చెప్పింది. మ్యాపు దిద్దడానికి ఊరివాళ్ల సంతకాలు కావాలని ఒక కాగితం రాసింది. చదవమని నా చేతికిచ్చారు. అంతమందిలో నా గొంతు నాకే వినిపించలేదు. రెండోసారి గట్టిగా చదివాను: “మ్యాపులో చూపిన కట్టమ్మ ఇక్కడ లేదు.”

ముందు కట్టమ్మే వేలిముద్ర వేయాలి. ఆమె వేలు వెనక్కి తీసుకుంది.

“ఉన్నదాన్ని ఉండంగ లేనని ఎట్లేస్త మేడం?”

పోశయ్య తాత కూడా చేతులు కట్టుకున్నాడు. “బతికున్న మనిషిని లేదని నేను ఏలువెట్ట. రేపు ఆమెకేమన్నయితె నా మీదికొస్తది.”

“కట్ట అన్నంక దాన్ని కాసే కట్టమైసమ్మ లేకుంట ఉంటదా?” అంది పూలమ్మ వదిన. “లేదని రాస్తె కట్ట తెగుతది.”

మేడం గడియారం చూసుకుంది. “మరి ఏమని రాయమంటారు?”

“ఉన్నదున్నట్టు రాయి,” అంది కట్టమ్మ. “కట్టమ్మ ఉంది, గుడి లేదు.”

మేడం అలాగే రాసింది. అందులో అబద్ధం ఏమీ లేదు కాబట్టి అందరూ వేలిముద్రలు వేశారు, సంతకాలు చేశారు. నేనూ చేశాను. జీపు పోయాక కట్టమ్మ పొయ్యి ముట్టించలేదు. ఎన్ని రోజులుంటుందో తెలియని పొయ్యిని చూస్తూ కూర్చుంది. సదానందం రాయి భుజాన వేసుకుని, “ఒక్క గంట, అక్కా! ఒక్క గంట ఆగలేకపోతివి,” అంటూ పోయాడు.

నలభై రోజులకు కొత్త మ్యాపు వచ్చింది. చదివి, పొరపాటు పడ్డానేమోనని మళ్లీ చదివాను. గీతకు వంపు పోలేదు. ఇంకా పెద్దదైంది. పక్కన ఇలా ఉంది: ‘కట్టమ్మ ఉంది. గుడి లేదు. నిర్మాణానికి వీలుగా స్థలం వదలవలెను.’

మ్యాపుతో పాటు పద్మలత మేడం కూడా వచ్చింది. రెండు ప్లేట్లు తింది.

“నేను ఉన్నదే రాశానమ్మా,” అంది. “పైవాళ్లు వాళ్లకు అర్థమైనట్టు చదువుకున్నారు. పొరపాటని రెండు ఉత్తరాలు రాశాను. అమ్మవారి జోలికి పోవద్దని జవాబిచ్చారు.”

ఇప్పుడు రోడ్డు పడింది. నీళ్ల పక్కన నల్లగా, నున్నగా వచ్చి, కట్టమ్మ దగ్గర పక్కకు ఒత్తిగిల్లి పోతుంది. కార్లు నెమ్మదిస్తాయి, నెమ్మదించినవి ఆగుతాయి. మొన్న సదానందం మెల్లగా వచ్చి, వదిలిన జాగను అడుగులతో కొలిచాడు.

“గవర్నమెంటే జాగ ఇచ్చినంక గుడి కట్టకుంట ఊకుంటె బాగుండదక్కా.”

“కట్టురా,” అంది కట్టమ్మ, మిరపకాయను పిండిలో ముంచుతూ. “లోపల నేనే కూసుంట. పొయ్యి గూడ లోపల్నే. ఫస్టు బోనం నీ నెత్తి మీదనే.”

సదానందం ఇంకో నాలుగు అడుగులు కొలిచి, ఒక ప్లేటు చెప్పాడు.