పీకని సాలు

ముల్లంగి ఆకు నున్నగా ఉండదు. పట్టుకుంటే సన్నటి నూగు వేళ్లకు గరగరమని తగులుతుంది. ఈ పొద్దున హిందూపురంలో మా పెరట్లో ఒత్తుగా లేచిన ముల్లంగి మొక్కల్ని పలచన చేస్తుంటే, ఆ గరుకు తగిలి రత్నమ్మక్క గుర్తుకొచ్చింది.

రత్నమ్మక్క మా పక్కింటావిడ. కర్ణాటక సరిహద్దులోని అగళి నుంచి వచ్చిన మనిషి. కోపమొస్తే కన్నడం, ప్రేమొస్తే తెలుగు. ముల్లంగి విషయంలో ఆమె నోటికి అందరూ జడిసేవాళ్లు. తోపుడుబండి దగ్గర ముల్లంగి తోక విరిచి, లోపల బెండుపడి ఉంటే, "దీన్ని వండుకోవల్లనా, పొయ్యిలో పెట్టుకోవల్లనా?" అని బండివాణ్ణి కన్నడంలోనే నిలదీసేది.

పెళ్లయిన కొత్తలో, ఐదో నెలలో నా కడుపు పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక మంచం దిగబుద్ధి కాలేదు. చూడవచ్చినవాళ్లంతా "చిన్నదానివి, మళ్లీ నిలుస్తుందిలే" అనేవాళ్లు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. పోయినదాని గురించి ఒక్కరూ మాట్లాడరు! రత్నమ్మక్క మాత్రం ఒకరోజు కొంగున విత్తనాలు ముడేసుకుని వచ్చింది.

"లే పాపా. మీ పెరడు ఊరికే పడుండాది. ముల్లంగి ఏద్దాం."

"నాకేం వద్దక్కా."

"నీకెవరిస్తామన్నారు? నాకు కావల్ల. మా ఇంట్లో అంతా బండలు పరిచేసినారు."

ఆమె మన్ను గుల్ల చేసి సాళ్లు తీసింది. నీళ్లకు ఎప్పుడూ కరువే కాబట్టి, బియ్యం కడిగిన నీళ్లు పోసే పని నాకు పెట్టింది. మూన్నాళ్లకే మొలకలు లేచాయి. వాటిని చూడడానికని నేను కూడా తెల్లారే లేవడం మొదలుపెట్టాను. మా ఆయన కాఫీ గ్లాసు మంచం దగ్గరికి కాకుండా పెరట్లోకి తెచ్చివ్వసాగాడు.

మొక్కలు నాలుగాకులు వేశాక రత్నమ్మక్క వచ్చి చూసింది. "జానెడు ఎడం పెట్టి తక్కినవన్నీ పీకెయ్. లేకుంటే గడ్డ ఊరదు" అంది. సరేనని ఒకటి పీకాను. తెల్లటి దారం లాంటి వేరు, దానికి అంటుకుని కాస్త తడిమన్ను.

"దీనికేమైందక్కా? బాగానే ఉండాది కదా. ఎందుకు పీకేది?" అన్నాను. అంతే, ఆస్పత్రిలో కూడా రాని ఏడుపు ముంచుకొచ్చింది. అక్కడే మట్టిలో కూలబడ్డాను.

రత్నమ్మక్క ఊరుకోమనలేదు. నా చేతిలోని మొక్క తీసుకుని, వేలితో గుంట చేసి మళ్లీ నాటింది. పీకిన ముల్లంగి మళ్లీ నాటితే సరిగా రాదని ఆమెకు తెలియకనా? తర్వాత నా పక్కనే చతికిలబడి, నా ఏడుపు తగ్గేదాకా కూర్చుంది.

"ఉండనీలే పాపా. యాటినీ పీకొద్దు. ఆకుతో పప్పు చేసుకుందాం."

ఆ పంటలో ఒక్క గడ్డ కూడా ఊరలేదు. వీధిలో ఒకావిడ తొంగిచూసి, "ఏమక్కా, ముల్లంగి ఏసినారా, గడ్డి ఏసినారా?" అని నవ్వింది. బండివాణ్ణి అంతలేసి మాటలనే రత్నమ్మక్క, "ఆకు కోసమే ఏసినాంలేమ్మా" అని తల తిప్పేసుకుంది. నా కోసం ఆమె పడిన ఆ చిన్నతనాన్ని నేనిప్పటికీ మర్చిపోలేదు.

తర్వాతి పంటకు నేనే పలచన చేశాను. గడ్డలు చక్కగా ఊరాయి. రత్నమ్మక్క ధర్మవరంలో కూతురి దగ్గరికి వెళ్లి, అక్కడే పోయింది. ఇప్పుడు నాకు ముల్లంగి బాగా పండించే చెయ్యి అని పేరు.

పొద్దున పని ముగించి లేస్తుంటే, మా ఆయన గోడవారన ఒత్తుగా ఉన్న సాలు చూపించి, "అది మర్చిపోయినట్టుండావే" అన్నాడు.

"ఉండనీలే. ఆకుతో పప్పు చేసుకుందాం" అన్నాను.